రోజుకి రెండుసార్లు ఆ మలుపు

ఇల్లు,
జూన్ 9.

నాన్నా,

సీటొచ్చింది. కంప్యూటర్ సైన్సే. కిందటేడు చేరకుండా ఆగిపోయినా ఈ కాలేజీ సొంత పరీక్షలో వచ్చిన ర్యాంకు రెండేళ్ళు చెల్లుతుందని నువ్వన్నది నిజమే. అమ్మ ఆ కాగితం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది. కళ్ళజోళ్ళ షాపులో పనికి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చాక చూస్తే ముక్కు ఎర్రగా ఉంది. "జలుబు" అంది. నేనూ సరే జలుబే అనుకున్నాను.

ఇప్పుడు ఇంట్లో ఒకటే గొడవ. డెస్క్‌టాప్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా? సలహాలకి కొదవ లేదు. అత్త ల్యాప్‌టాప్ అంటుంది, ఎందుకంటే వాళ్ళ తోటికోడలి కూతురికి అదే ఉందట. పై వాటాలో ఉండే బ్యాంకు గుమాస్తా గారు డెస్క్‌టాప్ అంటారు, ఎందుకంటే వాళ్ళబ్బాయి ల్యాప్‌టాప్ బస్సులో పోయిందట. మీ రిపేరు షాపు ఓనరు గారు మాత్రం, "మీ నాన్నని అడిగి రామ్మా, ఆయన ఏది రాస్తే అదే తెప్పిస్తాను" అన్నారు. నీ బల్ల ఇంకా అలాగే ఉంచారు. ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

కాబట్టి నువ్వే చెప్పు. పదిహేనేళ్ళు వాటి పొట్టలు కోసి కుట్టినవాడివి.

ఉత్తరాలు అక్కడ తెరిచి చదువుతారన్నావుగా. అందుకే కంప్యూటరు సంగతి తప్ప ఇంకేమీ రాయడం లేదు.

నీ పిడుగు.

*

జైలు, వడ్రంగి షెడ్డు,
జూన్ 17.

పిడుగా,

మా అమ్మాయికి సీటొచ్చిందని పక్కన చిత్రిక పట్టే పెద్దాయనకి చెప్పాను, వార్డరుకి చెప్పాను, టీ పోసేవాడికి చెప్పాను. ఎవరూ మిగలకపోతే ఆ పెద్దాయనకే మళ్ళీ చెప్పాను. "పొద్దున్న చెప్పింది ఈ అమ్మాయేనా, ఇంకో అమ్మాయుందా?" అన్నాడు.

ఇక అసలు సంగతి. డెస్క్‌టాప్. ఇందులో రెండో మాట లేదు. ల్యాప్‌టాప్ అంటే అద్దె ఇల్లు. గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళ మొహం చూడాలి. ర్యామ్ బోర్డుకే అతికించేస్తారు, బ్యాటరీకి జిగురు పూస్తారు, చిన్న ఫ్యాను మార్చాలన్నా మొత్తం విప్పాలి. డెస్క్‌టాప్ సొంతిల్లు. ఈ ఏడు ఒక గది, వచ్చే ఏడు ఇంకో గది, నీ ఇష్టం. ఎండాకాలంలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటే జ్వరమొచ్చిన పిల్లని పెట్టుకున్నట్టే. నా బల్ల మీదకొచ్చిన ల్యాప్‌టాపుల్లో సగం కింద పడ్డవి, మిగతా సగం టీ తాగినవి. డెస్క్‌టాప్ మీద టీ ఒలికితే కీబోర్డు పోతుంది. ల్యాప్‌టాప్ మీద ఒలికితే ప్రాణమే పోతుంది.

ఇంకో మాట. నేను కుర్చీలు దాటి బల్లల దాకా వచ్చాను ఇక్కడ. మనం చేసింది మన ఇంట్లోవాళ్ళకే కావాలంటే ముందుగా అర్జీ రాసివ్వొచ్చట. నీ కంప్యూటరు బల్ల నేనే చేస్తాను. నిటారుగా కూర్చుని, మోచెయ్యి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అమ్మ చేత కొలిపించి పంపు. బల్ల ఎత్తు తప్పితే నాలుగేళ్ళలో మెడలు పట్టేస్తాయి.

కాలేజీకి బస్సులో గంటే. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని దాని ముందు కూర్చుంటావు. వంటింట్లో ఉన్న మీ అమ్మకి నీ టైపింగ్ చప్పుడు వినబడుతూ ఉంటుంది. నాకు అది చాలు.

నాన్న.

*

ఇల్లు,
జూన్ 26.

నాన్నా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. టీ తాగిన ల్యాప్‌టాపుల దగ్గర నవ్వింది. అమ్మ నవ్వి ఎన్నాళ్ళైందో.

కానీ నేను ల్యాప్‌టాపే తీసుకుందామనుకుంటున్నాను. హాస్టల్లో చేరతాను. బస్సులో నిలబడి గంట వెళ్ళి గంట రావడమంటే ఇక చదివేదెప్పుడు? హాస్టలైతే లైబ్రరీ పక్కనే. గదిలో ముగ్గురికి మూడు చిన్న బల్లలు, డెస్క్‌టాప్ పెడితే నా పుస్తకాలు నెత్తిన పెట్టుకోవాలి. అమ్మ కూడా సరేనంది.

మోచెయ్యి కొలవలేదు. ఏమీ అనుకోకు.

నీ పిడుగు.

*

జైలు, వడ్రంగి షెడ్డు,
జూలై 4.

అమ్మాయికి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నాకు కారణం కనబడలేదు. బస్సులో నిలబడడం నీకు కొత్తా? ఇంటర్ రెండేళ్ళూ నిలబడే వెళ్ళావు. అప్పుడు చదువు సాగలేదా?

మీ అమ్మ "సరే" అందంటే అది సరే కాదని నీకు తెలీదూ? ఆవిడ ఏనాడు కాదంది? నేను లేక, నువ్వూ లేక ఆవిడ ఇంటికొచ్చి తాళం తీసుకుని ఎవరితో మాట్లాడుతుంది? ఇంకా మూడేళ్ళు నేను రాలేను. నా వంతు కూడా నువ్వు ఆ ఇంట్లో ఉంటావనే కదా నేను ఇక్కడ కాస్త అన్నం తినగలుగుతున్నాను.

బల్లకి చెక్క ఎంచి పక్కన పెట్టాను. కొలత పంపు.

నాన్న.

*

ఇల్లు,
జూలై 9.

నాన్నా,

కారణం అడిగావు. ఉత్తరాల్లో రాయకూడదన్నావు కాబట్టి ఒక్క ముక్కే రాస్తాను.

ఇంటర్ కాలేజీ ఊళ్ళోనే. ఈ బస్సు ఏ దారిలో వెళ్తుందో ఒక్కసారి కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకో. పెట్రోలు బంకు, తర్వాత రంపపు మిల్లు, తర్వాత ఆ మలుపు. ఇంట్లో ఉంటే రోజుకి రెండుసార్లు. నాలుగేళ్ళు.

హాస్టల్లో ఉంటే నెలకి ఒక్కసారి. అప్పుడు కళ్ళు మూసుకుంటాను.

*

జైలు,
జూలై 16.

తల్లీ,

ల్యాప్‌టాప్ తీసుకో. ఓనరు గారికి వేరే చీటీ రాశాను, ఇందులోనే పెట్టాను. బరువు తక్కువది చూడమన్నాను. మూత తెరిచేటప్పుడు ఒక మూల పట్టి లాగకు, మధ్యలో పట్టుకో. మంచం మీద పెట్టి వాడకు, గాలి ఆడదు.

నాకు తట్టలేదు. ఇంత బుర్ర పెట్టుకుని, నెలంతా సొంతిల్లు, అద్దె ఇల్లు అని కథలు చెప్పానే గానీ ఆ బస్సు ఎటు వెళ్తుందో నాకు తట్టలేదు.

ఆ చెక్కతో వేరే బల్ల చేశాను. ఏదో ఆఫీసువాళ్ళు పట్టుకెళ్ళారు. బాగానే కుదిరింది.

నాన్న.

*

హాస్టల్, పై అంతస్తు,
సెప్టెంబరు 3.

నాన్నా,

చేరి నెల దాటింది. ల్యాప్‌టాప్ బాగా పనిచేస్తోంది. మధ్యలోనే పట్టుకుని తెరుస్తున్నాను. గదిలో ఇంకో ఇద్దరున్నారు. ఒకమ్మాయి నిద్రలో లెక్కలు చెబుతుంది. రెండో అమ్మాయి మాకు వంటలక్క, ఆకలేసినప్పుడల్లా దాని డబ్బాలు వెతుకుతాం. మీ నాన్న ఏం చేస్తారని అడిగారు. దూరంగా ఉద్యోగం అని చెప్పాను. నన్ను క్షమించు.

చెప్పకుండా ఉందామనుకున్న సంగతొకటి ఉంది. కానీ చెప్పేందుకు నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

ఇక్కడ ప్రతి ల్యాబుకీ రికార్డు రాసి, బైండింగ్ చేయించి ఇవ్వాలి. అందరూ గేటు ఎదురు సందులో ఉన్న బైండింగ్ కొట్లోనే ఇస్తారు. వంటలక్క చెప్పింది, "పాపం, ఆ కొట్టాయన్ని కిందటేడు ఏదో వ్యాను గుద్దేసి పోయిందట. ఇప్పుడు ఆవిడే కుడుతోంది" అని. నా రికార్డు దాని చేతికే ఇచ్చి పంపాను. ఆవిడ కుట్టిన రికార్డు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కుట్లు ఎంత వరసగా ఉన్నాయో. దాని మీద తువ్వాలు కప్పి పెట్టాను.

నీ పిడుగు.

*

జైలు,
సెప్టెంబరు 10.

తల్లీ,

అటు వెళ్ళకు. ఆ సందులోకి అడుగు పెట్టకు. రికార్డులు నీ స్నేహితురాలి చేతే పంపు, లేదా అమ్మ చేత ఊళ్ళో కుట్టించుకో. నా మీద ఒట్టు.

చేసింది నేను, ఒప్పుకున్నది నేను, ఉంటున్నది నేను. అక్కడితో తెగిపోయింది. చదువు మీద మనసు పెట్టు. ఇంకేమీ రాయను, నువ్వూ రాయకు.

నాన్న.

*

హాస్టల్,
సెప్టెంబరు 24.

ఈ ఉత్తరం తెరిచి చదువుతున్న వారికి నమస్కారం. మీరు ఇది మా నాన్నకి ఇవ్వకపోయినా ఫరవాలేదు. ముందు మీరు పూర్తిగా చదవండి.

నాన్నా,

నీ మీద ఒట్టు తీసి గట్టున పెట్టి వెళ్ళాను.

ఆవిడ అమ్మ కంటే చిన్నది. చిన్న కొట్టు. ఒకవైపు అట్టల దొంతర, ఒకవైపు బంక డబ్బా, మధ్యలో కాగితాలు బిగించే చెక్క. నా రికార్డు తీసుకుని పేజీలు తిప్పింది. "చేతిరాత బాగుందమ్మా. ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరు" అంది. కూర్చోమని స్టూలు జరిపింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. కూర్చున్నాను.

నేనే అడిగాను. "ఇంతకుముందు ఎవరో ఆయన కుట్టేవారటగా?"

"మా ఆయన" అంది సూదిలో దారం ఎక్కిస్తూ. "సైకిలు మీద అట్టలు కట్టుకుని వస్తున్నాడు. గుద్దారు. గుద్దినందుకు కాదమ్మా నా ఏడుపు, వాన పడుతోంది, మలుపు, ఎవరి చేతిలోనైనా జరగొచ్చు. ఆగలేదు చూడు, అదీ. వానకి రోడ్డు మీద మనిషి లేడు. నలభై నిమిషాలు అక్కడే పడి ఉన్నాడు. పావుగంట ముందు తెచ్చినా నిలబడేవాడని డాక్టరు కోర్టులో చెప్పాడు."

పావుగంట ముందు.

నువ్వు కోర్టులో ఉన్నావు. ఆ మాట విన్నావు. నాకు ఎందుకు చెప్పలేదు? గుద్దగానే పోయాడని చెప్పావు నాకు. "మనం ఆగినా చేసేదేమీ లేదు తల్లీ" అన్నావు. ఏడాదిన్నర నేను ఆ మాట పట్టుకునే బతికాను.

చదువుతున్న వారికి చెబుతున్నాను. మా నాన్న షాపు వ్యానులో నన్ను పరీక్షకి దింపి తిరిగి వస్తుండగా అది జరిగిందని కోర్టులో చెప్పారు. అది అబద్ధం. వెళ్తున్నప్పుడు జరిగింది. నేను పక్క సీట్లో ఉన్నాను. హాల్‌టికెట్ మర్చిపోయి వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడం వల్ల ఆలస్యమైంది, ఆ మర్చిపోయింది కూడా నేనే. తొమ్మిదికి గేటు మూసేస్తారు. పెద్ద చప్పుడైంది. అట్టలు గాల్లోకి లేచాయి. నేను "ఆపకు నాన్నా, ఆపకు, గేటు మూసేస్తారు" అని అరిచాను. ఆపలేదు. నేను పరీక్ష రాశాను. ఆ ర్యాంకుతోనే ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను.

ఎవరికి చెప్పాలో వారికి చెప్పండి. నేను ఎక్కడికీ పోను. హాస్టల్ అడ్రసు కవరు మీద ఉంది.

*

జైలు,
అక్టోబరు 1.

తల్లీ,

ఉత్తరాలు చూసే గుమాస్తా నన్ను ఆఫీసుకి పిలిచాడు. నీ ఉత్తరం బల్ల మీద పెట్టి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "బండి తోలింది నువ్వేనా?" అన్నాడు. "నేనేనండీ" అన్నాను. "అప్పుడు పిల్లకి ఎన్నేళ్ళు?" "పదిహేడు." "అయితే ఇందులో నేను పైకి పంపాల్సింది ఏమీ లేదు" అని, అన్ని ఉత్తరాలకి కొట్టినట్టే దీనికీ ముద్ర కొట్టి ఇచ్చేశాడు.

విన్నావుగా. ఎవరూ రారు. ఎవరికీ నీతో పని లేదు.

డాక్టరు మాట నేను విన్నాను. నిన్ను కోర్టుకి రావద్దన్నది ఇలాంటివి నీ చెవిన పడకూడదనే. నీకు అబద్ధం చెప్పాను. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అదే చెబుతాను.

ఇక నువ్వు అరిచానన్న మాట. నాకు వినబడనే లేదు. వాన, వైపర్ల చప్పుడు. ఒకవేళ నువ్వు ఆపమని ఏడ్చినా ఆపేవాణ్ణి కాదు. భయపడ్డాను. పిరికివాణ్ణి. నీకూ దానికీ సంబంధం లేదు. నీ బుర్ర నీకు లేనిపోనివి కల్పించి చెబుతోంది. నిద్రపో. వేళకి తిను.

నాన్న.

*

హాస్టల్,
అక్టోబరు 9.

నాన్నా,

వినబడలేదా? నువ్వు "సరే తల్లీ" అన్నావు.

బండి నెమ్మదించింది నాన్నా. నా ఒళ్ళు ముందుకి తూలింది. ఒడిలో ఉన్న పెన్నుల డబ్బా కింద పడింది. నువ్వు అద్దంలోంచి వెనక్కి చూశావు. అప్పుడు నేను అరిచాను. నువ్వు "సరే తల్లీ" అన్నావు. బండి మళ్ళీ వేగం అందుకుంది. నేను కిందికి వంగి పెన్నులు ఏరుకున్నాను. వెనక రోడ్డు మీద మనిషి పడి ఉంటే, నేను పెన్నులు ఏరుకున్నాను.

ఇవన్నీ నా బుర్ర కల్పించిందా?

నిన్న మధ్యాహ్నం క్లాసు మానేసి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. దారిలో ఎన్నో వాక్యాలు తయారు చేసుకున్నాను. అక్కడికి వెళ్ళాక రెండే వచ్చాయి. "ఆ వ్యానులో నేనూ ఉన్నానండీ. ఆపకు అన్నది నేనే."

ఆవిడ చేతిలో సూది సగంలో ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. తిడుతుంది, కొడుతుంది అనుకున్నాను. కొట్టమనే వెళ్ళాను.

"ఎందుకు ఆపద్దన్నావు?" అంది.

"పరీక్షండీ. గేటు మూసేస్తారని."

"అందిందా?"

"అందిందండీ. రెండు నిమిషాల ముందు."

"బాగా రాశావా?"

"రాశాను" అన్నాను.

తల ఊపింది. సగంలో ఆగిన సూదిని అవతలికి లాగింది. ఆ పుస్తకం ఆఖరి కుట్టు దాకా కుట్టి, ముడివేసి, దారం పంటితో తెంపింది. మళ్ళీ నా వైపు చూడలేదు. ఇంతలో ఎవరో ఇద్దరు రికార్డులు పట్టుకుని వచ్చారు. "ఏ రంగు అట్ట కావాలి?" అని వాళ్ళని అడిగింది, మామూలు గొంతుతో. నేను ఆ స్టూలు మీద లేనట్టే. లేచి వచ్చేశాను.

ఆవిడ నన్ను నమ్మింది. నువ్వే నమ్మనంటున్నావు. నువ్వు నాకు వేసే ఈ తాళం నాకు ఊపిరాడనివ్వడం లేదు. దూరంగా ఉద్యోగం అని అందరికీ నేను చెప్పే అబద్ధం, వినబడలేదని నాకు నువ్వు చెప్పే అబద్ధం, ఈ రెండింటి మధ్య నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ ఉదయం ఆ బండిలో ఉన్నది లోకంలో మనిద్దరమే. నువ్వు కూడా కాదంటే ఇక నేను ఎవరితో మాట్లాడాలి?

ఒక్క మాట రాయి. బండి నెమ్మదించిందా, లేదా?

*

జైలు,
అక్టోబరు 15.

తల్లీ,

నెమ్మదించింది.

ఆపుదామనే బ్రేకు మీద కాలు వేశాను. నువ్వు అరిచావు. విన్నాను. "సరే తల్లీ" అన్నాను. కాలు తీశాను. అద్దంలో ఆయన చెయ్యి కదలడం కూడా చూశాను. అది నీకు తెలీదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, వకీలుకి కూడా.

నువ్వు పదిహేడేళ్ళ పిల్లవి, భయపడి అరిచావు. నేను నలభై ఆరేళ్ళవాణ్ణి, కాలు నాది. ఇది తేడా. ఈ తేడా నువ్వు ఎంత ఏడ్చినా మారదు. కానీ నువ్వు అనలేదని ఇంకెప్పుడూ చెప్పను. అన్నావు. ఆ మాట మన ఇద్దరి మధ్యా ఉంది, ఉంటుంది. నిన్ను తప్పిస్తున్నాననుకుని ఒంటరిదాన్ని చేశాను. ఇన్ని నెలలు నువ్వు అక్కడ ఒక్కదానివీ, నేను ఇక్కడ ఒక్కణ్ణీ, ఇద్దరం ఒకే మలుపు దగ్గర నిలబడి ఒకరికొకరు కంప్యూటర్ల గురించి రాసుకున్నాం.

ఆవిడని మళ్ళీ కదపకు. ఆవిడ నిన్ను క్షమిస్తుందని ఎదురుచూడకు. మనకి అడిగే హక్కు లేదు. ఎప్పుడైనా ఆవిడే పిలిస్తే వెళ్ళు, ఏమంటే అది పడు.

నిన్ను ఇక్కడికి రావద్దన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండో శనివారం చూడనిస్తారు. అమ్మకి ఉత్తరంలో ఏమీ రాయకు, అమ్మని వెంటబెట్టుకుని రా. మనిద్దరం ఎదురుగా కూర్చుని చెబుదాం. నాకు గొంతు పెగలకపోతే నువ్వు చెప్పు, నీకు పెగలకపోతే నేను చెబుతాను.

కాలేజీ గుర్తింపు కార్డు తెచ్చుకో. గేటు దగ్గర రిజిస్టరు ఉంటుంది. ఎవరిని చూడ్డానికొచ్చావని గట్టిగా అడుగుతారు, చుట్టూ జనం ఉంటారు. తల దించుకోకు. మా నాన్నని అని చెప్పు.

నాన్న.